డాక్టరమ్మ అడిగిన ఒక్క ఊరు

హీథర్ మేచిన్ గురించి అడిగితే మా ఊళ్ళో ఎవరైనా ఒకటే మాట చెబుతారు, మంచి మనిషి అని. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మంచి మనిషి అని చెప్పి చేతులు దులుపుకోవడం తేలికే. ఆ మంచితనం ఆమెని ఎక్కడ ఆపేసిందో చెప్పాలంటే కాస్త ఓపిక ఉండాలి. నా పేరు గ్లెనిస్. మా ఊరు బర్స్లెమ్‌లో పింగాణీ కార్ఖానాలో నర్సుగా చేసి రిటైరయ్యాను. హీథర్ని రెండు జడలతో బడికి పోయే రోజుల నుంచి ఎరుగుదును. ఓపికంటారా, ఇప్పుడు నాకు మిగిలింది అదొక్కటే.

వాళ్ళ నాన్న ఆర్నల్డ్ మా కార్ఖానాలోనే సరుకు ఏరే గదిలో ఉండేవాడు. కొలిమి నుంచి వచ్చిన ప్రతి పళ్ళేన్నీ వెలుతురుకి ఎత్తి చూసి, వేలితో కొట్టి మోత విని, మచ్చ లేనిదాన్ని కుడివైపు, ఏ చిన్న లోపమున్నా ఎడమవైపు పెట్టేవాడు. కుడివైపుది మొదటి రకం, పెట్టెల్లోకెక్కి దేశాలు తిరుగుతుంది. ఎడమవైపుది రెండో రకం, కార్ఖానా గేటు దగ్గర కారుచౌకగా మాకే అమ్ముతారు. రెండో రకం పళ్ళెం ఒక్కటి మొదటి రకంలో కలిసిందా, ఆ రోజు ఆర్నల్డ్ ఇంట్లో అన్నం తినేవాడు కాదు. అంత పట్టింపు మనిషి.

వాళ్ళమ్మ ఎడ్నా అంచులు గీకే బల్ల దగ్గర పని చేసేది. అచ్చులోంచి తీసిన కప్పులూ సాసర్లూ ఆరాక, కాల్చేముందు, అంచున మిగిలిన మట్టిని గీకి నునుపు చేయాలి. ఆరిన మట్టిని గీకితే దుమ్ము లేస్తుంది. మా మట్టిలో చెకుముకి రాతి పిండి కలుస్తుంది కాబట్టి ఆ దుమ్ము మామూలు దుమ్ము కాదు, లోపలికి పోయిందంటే మళ్ళీ బయటికి రాదు. నలభై దాటకుండానే ఎడ్నాకి దగ్గు మొదలైంది. మెట్లెక్కాలంటే మధ్యలో ఆగి గోడ పట్టుకునేది.

డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు హీథర్ కూడా వెంట వెళ్ళింది. ఆయన ఆకలి అడిగాడు, నిద్ర అడిగాడు, విరేచనం సాఫీగా అవుతోందా అని అడిగాడు. చివరికి "సిగరెట్లు మానేయమ్మా" అని చీటీ రాసిచ్చాడు. ఎడ్నా జన్మలో సిగరెట్టు ముట్టలేదు. ఇంట్లో తాగేది ఆర్నల్డ్, ఆయన ఛాతీ గుండ్రాయిలా ఉండేది. దారిలో ఆ పిల్ల తల్లిని అడిగిందట, "అమ్మా, నువ్వేం పని చేస్తావో ఆయన అడగనేలేదేంటే?" అని. ఎడ్నా నవ్వి, పెద్ద చదువు చదివినవాళ్ళు అలాంటివి అడగరమ్మా అంది. హీథర్ డాక్టరీ చదువుతుండగానే ఎడ్నా పోయింది.

చదువయ్యాక హీథర్ తిన్నగా బర్స్లెమ్‌కే తిరిగొచ్చి క్లినిక్‌లో కుటుంబ డాక్టరుగా చేరింది. జ్వరమని వెళ్ళినా, కాలు బెణికిందని వెళ్ళినా ఆమె మొదటి ప్రశ్న ఒకటే: "ఏం పని చేస్తుంటారు?" మొదట్లో ఊరంతా నవ్వుకునేవాళ్ళు. "చెవిపోటని పోతే నా ఉద్యోగం సంగతి అడిగింది, పెళ్ళి సంబంధం చూస్తదేమో" అని మా క్యాంటీన్‌లో ఒకావిడ అంటే అందరం పడి పడి నవ్వాం. తర్వాత ఆవిడ చెవిపోటు యంత్రం హోరువల్ల వచ్చిందని తేలింది.

వారానికొక పూట, గురువారం మధ్యాహ్నం, హీథర్ మా కార్ఖానాకి వచ్చేది. నా గదిలో ఇద్దరం కూర్చుని కార్మికులను ఒక్కొక్కరినీ పిలిచి గొట్టంలో ఊదించి ఊపిరి కొలిచేవాళ్ళం. అందుకు సరిపడా చిన్న డిప్లొమా ఆమెకి ఉండేది. కానీ మనిషి చేసే పనికీ మనిషికొచ్చే జబ్బుకీ ఉన్న లంకె తేల్చే వైద్యానికి వేరే పెద్ద చదువుంది, నాలుగేళ్ళ శిక్షణ ఉంది. ఆక్యుపేషనల్ మెడిసిన్ అంటారు. అది పూర్తి చేసి స్పెషలిస్టయిన డాక్టరు చెబితే యజమాని వింటాడు, బీమా కంపెనీ వింటుంది, కోర్టూ వింటుంది. హీథర్ చెబితే వినేది నేనూ, గోడలూ.

నేను వెటకారానికి అనడం లేదు. అంచులు గీకే బల్లలకి దుమ్ము లాగే గొట్టాలు పాతబడిపోయాయి, మార్చండి అని ఆమె మేనేజరుకి ఎన్నిసార్లు రాసిందో. ఆయన ప్రతిసారీ ఎంతో మర్యాదగా "మీ అభిప్రాయం గమనించాం డాక్టర్‌గారూ, స్పెషలిస్టు సలహా కూడా తీసుకుంటాం" అనేవాడు. ఎవరినీ పిలిచేవాడు కాదు. ఆ బల్లల దగ్గర ఎడ్నా కూర్చున్న చోటే ఆ రోజుల్లో క్లిఫ్ టామ్స్ కూర్చునేవాడు. నోటి దురుసు, మనసు వెన్న. గొట్టంలో ఊదమంటే ఏటికేడు తక్కువ ఊదేవాడు.

"క్లిఫ్, ఆ బల్ల మారమంటే మారవేం?" అని హీథర్ అడిగేది.

"మారితే ఏం చెయ్యమంటావమ్మా డాక్టరూ? పువ్వులు గీయమంటావా? నా చేత్తో గులాబీ గీస్తే క్యాబేజీ అనుకుని వండుకు తింటారు."

అతను నవ్వితే దగ్గొచ్చేది. దగ్గు తగ్గేదాకా మేమిద్దరం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేవాళ్ళం.

నలభై ఏళ్ళు దాటాక, బాగా నడుస్తున్న ప్రాక్టీసు పెట్టుకుని, హీథర్ మళ్ళీ విద్యార్థిగా వెళ్ళాలని నిశ్చయించుకుంది. ఈ శిక్షణ సీట్లకి ఏడాదికొకసారి దేశమంతటికీ కలిపి పిలుస్తారు. ఉండేవి గుప్పెడు. ఆ ఏడు మా దగ్గరి ఆసుపత్రిలోనే ఒక సీటు పడింది. అలాంటిది మళ్ళీ పడాలంటే అందులో చేరినవాళ్ళ నాలుగేళ్ళు పూర్తి కావాలి. ఆ వార్త చెప్పడానికి ఆమె గురువారం దాకా ఆగలేక మా ఇంటికే పరిగెత్తుకొచ్చింది.

"ఆంటీ, మన ఊళ్ళో! మన ఊళ్ళోనే పడింది!"

"ఏంటే, పిడుగా?"

"సీటు ఆంటీ, సీటు!" అని నన్ను పట్టుకుని వంటింట్లో గిరగిరా తిప్పింది. ఆ మొహం నాకింకా కళ్ళముందే ఉంది.

దరఖాస్తు నింపడం పెద్ద తతంగం. చేసిన ప్రతి పనికీ రుజువు చూపాలి. జట్టులో పని చేసిన అనుభవం రాయమని ఒక ప్రశ్న. "నీ ముక్కుసూటితనానికి జట్టెక్కడిది, నన్ను రాసుకో" అన్నాను. నిజంగానే నన్ను రాసింది. ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది, బర్మింగ్‌హామ్‌లో ఒక హోటల్లో.

తిరిగొచ్చాక జరిగింది మా గదిలో చెబుతుంటే నేను నవ్వాపుకోలేకపోయాను. లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, టీ ఇచ్చారట. మా వైపు మనుషులకి ఒక అలవాటుంది. కొత్త చోట కప్పూ సాసరూ చేతికొస్తే, ముందు బోర్లించి వెనక ముద్ర చూస్తాం, ఎవరి కార్ఖానాది అని. పెళ్ళిళ్ళలో చూస్తాం, చావు ఇళ్ళలో కూడా చూస్తాం. హీథర్ కూడా ఏదో ధ్యాసలో సాసరు తిప్పేసిందట, చెంచా కింద పడి ఎదురుగా కూర్చున్న పెద్దాయన బూటు దాకా దొర్లింది.

"ఎవరిదమ్మా ముద్ర?" అని అడిగాడట ఆయన.

"మాది కాదండీ. అందుకే ఇంత బరువుంది" అందట ఈ మహాతల్లి. ముగ్గురూ నవ్వారు.

ఆ తర్వాత అసలు ప్రశ్న. ఒక కార్మికుడి ఊపిరితిత్తులకి దుమ్ము జబ్బు మొదలైంది, యజమానికి చెప్పొద్దని బతిమాలుతున్నాడు, మీరేం చేస్తారు? పుస్తకంలో చదివి చెప్పేవాళ్ళకి అదొక లెక్క. హీథర్‌కి ఆ ప్రశ్నలో క్లిఫ్ కనిపించాడు. "జబ్బు అతనిది, అతనొప్పుకోందే నోరు విప్పను. దుమ్ము మాత్రం అతని సొంతం కాదుగా, దాని సంగతి యజమానితో ఈరోజే మాట్లాడతాను" అంది. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట. అంత బాగా చెప్పిందని నాకు అప్పుడే నమ్మకం కుదిరింది.

ఇంక మిగిలింది ఊళ్ళ వరస. ఇంటర్వ్యూ అయ్యాక, మార్కులు రాకముందే, ఏయే ఊళ్ళలో సీటు ఇస్తే వెళతారో కంప్యూటర్‌లో వరసగా పెట్టమంటారు. తెర మీద రెండు అరలుంటాయి, కావాల్సినవి ఒకవైపు, వద్దనుకున్నవి ఒకవైపు. ఎక్కువ మార్కులవాళ్ళని ముందు అడుగుతారు, వాళ్ళ వరసలో ఖాళీగా ఉన్న మొదటి ఊరు వాళ్ళకిస్తారు. వద్దన్న అరలో వదిలేసిన ఊరు మాత్రం, అక్కడ సీటు ఖాళీగా పడున్నా సరే, ఇవ్వరు.

ఒక గురువారం మా గదిలోనే ఆ పని పెట్టుకుంది. క్లిఫ్ గొట్టంలో ఊదడానికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. తెర మీద ఊళ్ళ పేర్లు చూసి వరసగా చదివాడు. లీడ్స్, కార్డిఫ్, న్యూకాసిల్, అబర్డీన్.

"అబర్డీనా? అక్కడ ఎవరుంటారమ్మా, చేపలు తప్ప? చేపల చేత గొట్టం ఊదిస్తావా?"

"అక్కడ సముద్రంలో చమురు తీసే కార్మికులుంటారు క్లిఫ్."

"వాళ్ళకి డాక్టర్లు దొరకరా, మన డాక్టరమ్మే కావాల్సొచ్చిందా? నువ్వూ పోతే ఇంక మాకెవరు దిక్కు? గ్లెనిసా? ఈవిడ చేతికి సూదిస్తే మా బావ రెండ్రోజులు కూర్చోలేకపోయాడు."

"మీ బావ కూర్చుంటే మాత్రం ఏం పని చేశాడు కనక!" అన్నాను. క్లిఫ్ నవ్వి, దగ్గి, చెయ్యూపి వెళ్ళిపోయాడు.

హీథర్ నవ్వలేదు. అతను వెళ్ళిన తలుపు వంక కాసేపు చూసి, మా ఊరి పేరు ఒక్కదాన్నీ కావాల్సిన అరలోకి జరిపింది. తక్కినవన్నీ వద్దన్న అరలో అలాగే ఉన్నాయి.

"అదేంటే, ఒక్కటే? కింద ఇంకో నాలుగు పెట్టు."

"నాకు కావాల్సింది ఇదే ఆంటీ. తక్కినవి నాకొద్దు. వద్దనుకున్నవాటిని కావాలని ఎలా పెట్టను?"

"కావాలని కాదే పిచ్చిమొహమా, ఇది రాకపోతే అదైనా వస్తుందని."

"అలా పెడితే రెండో రకాన్ని తీసుకెళ్ళి మొదటి రకంలో కలిపినట్టే. నాన్న చూస్తే చంపేస్తాడు" అని మీట నొక్కేసింది.

ఆర్నల్డ్ పోయి అప్పటికే చాలా ఏళ్ళు. చచ్చి ఏ లోకాన ఉన్నాడో గానీ, ఆ రోజు కూతురి పక్కన కూర్చుని ఊళ్ళను కుడికీ ఎడమకీ ఏరింది ఆయనే. ఇంకో ఊరి మనిషైతే ఈ తప్పు చేయడు. నచ్చినా నచ్చకపోయినా అన్నీ వరసగా పేర్చి, ఏది తగిలితే అది పట్టుకుంటాడు. మా వాళ్ళకి హాన్లీ నుంచి పక్కనున్న లాంగ్టన్‌కి కాపురం మారడమే దేశాంతరం. పైగా ఇష్టం లేనిదాన్ని ఇష్టమని రాయడం అబద్ధమాడటమే అనుకుంటాం. నాకూ అప్పుడు అది మొండితనంలా కనిపించింది గానీ, లోపల ఎక్కడో ముద్దొచ్చింది కూడా. మా పిల్ల మమ్మల్ని వదల్లేదు అనిపించింది.

ఫలితాలొచ్చాయి. మంచి మార్కులే. దేశం మొత్తమ్మీద ఆమెది పై వరసే. సీటు మాత్రం రాలేదు. ఆమెకి సరిగ్గా ఒక మెట్టు పైనున్న మనిషి, ఓవెన్ ప్రాసర్ అని వేల్స్ నుంచి వచ్చిన వెల్ష్ అతను, మా ఊరి సీటు తీసుకున్నాడు. ఆమె కంటే కింద ఉన్నవాళ్ళు లీడ్స్‌కి వెళ్ళారు, న్యూకాసిల్‌కి వెళ్ళారు, అబర్డీన్‌కీ వెళ్ళారు. హీథర్‌కి తెర మీద ఒక్క వాక్యం వచ్చింది, ఇవ్వడానికి సీటు లేదని.

"పోన్లే, వచ్చే ఏడు చూద్దాం" అంది. నేనూ అదే అన్నాను. ఇద్దరం టీ తాగాం. కాకపోతే ఆమె కప్పు కడుగుతూ కడుగుతూ కుళాయి కట్టడం మర్చిపోయి అలాగే నిలబడింది, నేనే వెళ్ళి కట్టాను.

వచ్చే ఏడు మా ఊళ్ళో సీటు లేదు. ఈసారి అన్ని ఊళ్ళూ పెట్టింది, అబర్డీన్ని కూడా. ఆ ఏడు ఎందుకోగానీ దరఖాస్తులు విపరీతంగా వచ్చాయి. అది కూడా కాదు అసలు సంగతి. మొదటి ఏడు ఆమె తనకి తెలిసింది చెప్పడానికి వెళ్ళింది. రెండో ఏడు అడుక్కోవడానికి వెళ్ళింది. నిరుడు ధీమాగా చెప్పిన జవాబునే ఈసారి, ఇది వాళ్ళకి నచ్చుతుందో లేదో అని నసుగుతూ చెప్పానంది. టీ ఇస్తే వద్దందట. మార్కులు బాగా పడిపోయాయి, ఎక్కడా రాలేదు. మూడో ఏడు గడువు దగ్గర పడుతుంటే నేనే గుర్తు చేశాను.

"చాల్లే ఆంటీ. వదిలెయ్. నాకింక ఆ ముచ్చట లేదు" అంది. అది అబద్ధం. ఇష్టం లేనిదాన్ని ఇష్టమని రాయలేని మనిషి, ఇష్టమున్నదాన్ని లేదని ఎంత తేలిగ్గా చెప్పిందో చూడండి.

అదే ఏడు కార్ఖానాకి కొత్త బీమా కంపెనీ వచ్చింది. కార్మికుల ఆరోగ్యం చూసేవాళ్ళకి పైన స్పెషలిస్టు ఉండితీరాలని షరతు పెట్టింది. మేనేజరు మా గదికొచ్చి, ఎంతో నొచ్చుకుంటూ, గురువారాలు ఇక మీరు రానక్కర్లేదండీ డాక్టర్‌గారూ అని చెప్పాడు. ఆసుపత్రిలోని స్పెషలిస్టు కింద శిక్షణలో ఉన్న డాక్టరు వస్తాడన్నాడు. అంటే ఓవెన్ ప్రాసర్.

నేను అతన్ని ద్వేషించాలని కచ్చితంగా నిర్ణయించుకునే ఉన్నాను. అతను ఆ అవకాశం ఇవ్వలేదు. మొదటి రోజే క్యాంటీన్‌లో మేం ప్రాణంగా తినే ఓట్స్ పిండి అట్టు, ఓట్‌కేకు, తిని, దీనికంటే తమ వైపు వండుకునే సముద్రపు నాచే రుచని అందరి చేతా తిట్లు తిన్నాడు. రెండో రోజు హీథర్ క్లినిక్‌కి వెళ్ళి, "మీరు చూసినవన్నీ నాకు చెప్పండి, నాకీ కార్ఖానా తెలీదు" అన్నాడు. ఆమె దాచుకోకుండా అంతా చెప్పింది, ఏ బల్ల దగ్గర ఏ గాలి ఎటు తిరుగుతుందో సహా. ఏడాది తిరక్కుండా, అతను తయారు చేసి పై స్పెషలిస్టు సంతకం పెట్టిన నివేదిక మేనేజరు బల్ల మీదికి చేరింది. రెండు నెలల్లో అంచులు గీకే బల్లలన్నిటికీ కొత్త గొట్టాలు బిగించారు. హీథర్ రాసినవే ఆ మాటలన్నీ. కింద సంతకం మారింది.

ఆ గొట్టాలు బిగించిన రోజు నేను ఆమెకి ఫోన్ చేశాను. చాలా సంతోషపడింది. నిజమైన సంతోషమే. ఫోన్ పెట్టేశాక నేను మాత్రం నా గదిలో కూర్చుని ఏడ్చాను, ఎవరి మీద కోపమో తెలియని ఏడుపు.

క్లిఫ్‌కి ఆ గొట్టాలు కాస్త ఆలస్యమయ్యాయి. బల్ల మాన్పించి గేటు దగ్గర కూర్చోబెట్టారు, తర్వాత ఇంటికి పంపేశారు. ఒక శనివారం పొద్దున ఓట్‌కేకుల కొట్టు ముందు వరసలో నేనూ హీథర్ నిలబడి ఉంటే, ఎదుటి గోడ మీద కూర్చుని కనిపించాడు. నడిచొచ్చి అలసిపోయి, పెళ్ళాం లోపల కొనుక్కొచ్చేదాకా అక్కడ ఆగాడు. దగ్గరికి వెళ్ళాం.

"ఏమ్మా డాక్టరూ, గురువారాలు రావడం మానేశావు. మా మీద అలిగావా?"

"నన్ను రానివ్వట్లేదు క్లిఫ్. స్పెషలిస్టు కావాలట."

"అయితే అవ్వొచ్చుగా. ఆ సీటు ఎందుకు రాలేదు నీకు? ఆ వెల్ష్ అబ్బాయికున్న తెలివి నీకు లేదా?"

నాకు నోరాగలేదు. "తెలివుంది, మార్కులూ వచ్చాయి. మన ఊరొక్కటే పెట్టుకుని కూర్చుంది. తక్కినవేవీ ఒద్దంది" అని చెప్పేశాను.

క్లిఫ్ కళ్ళు చిట్లించి ఆమె వంక చూశాడు. "ఎందుకు?"

"మీరంతా ఇక్కడే ఉన్నారు కదా" అంది హీథర్ చిన్నగా. "నువ్వే అన్నావుగా ఆ రోజు, నువ్వూ పోతే మాకెవరు దిక్కని."

"నేనన్నానా?" అన్నాడు. కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "నేను నోటికొచ్చింది వాగుతానని ఊరంతా ఎరుగు. నమ్మడానికి నువ్వొక్కదానివే దొరికావా తల్లీ?"

"నీ మాట ఒక్కటే కాదులే. నాకే మనసొప్పలేదు. రెండో రకం అనిపించింది."

"రెండో రకమా?" క్లిఫ్ గోడ మీద చెయ్యి ఆనించి కొంచెం నిటారుగా కూర్చున్నాడు. "మా ఇంట్లో ఒక్క పళ్ళెమన్నా మొదటి రకముందా? అన్నీ మీ నాన్న ఏరి అవతల పారేసినవే. మీ ఇంట్లో మాత్రం? ఊరు ఊరంతా వాటిల్లోనే తిని పెరిగాం. ఏనాడన్నా ఎవడన్నా కడుపు నిండలేదని లేచాడా?"

క్లిఫ్ దగ్గి, ఊపిరి కూడదీసుకుని మళ్ళీ అందుకున్నాడు.

"నాలుగేళ్ళు పోయొస్తే ఏమయ్యేది? చేపలకో గీపలకో వైద్యం చేసి, ఆ కాగితం పట్టుకుని తిరిగొచ్చేదానివి. మేమెక్కడికి పోతాం? ఇక్కడే ఉండేవాళ్ళంగా."

అతను కోపంగా అనలేదు. కోపంగా అనుంటే బాగుండేది, నేను తిరిగి తిట్టుండేదాన్ని. అతని భార్య పొట్లం పట్టుకుని రావడంతో, ఆవిడ భుజం మీద చెయ్యేసి మెల్లగా వెళ్ళిపోయాడు. వాళ్ళు మలుపు తిరిగేదాకా హీథర్ చూస్తూ నిలబడింది. వరసలో మా వంతు దాటిపోయింది, మళ్ళీ వెనక నిలబడ్డాం.

ఆ మాట ఎంత నిజమో తెలిసి నాకు క్లిఫ్ మీద కోపమొచ్చింది. తర్వాత హీథర్ మీద వచ్చింది. మా కోసం ఉండిపొమ్మని మేం ఎవరమూ అడగలేదు. మాకు కావాల్సింది మా పక్కన కూర్చునే మనిషి కాదు, మా తరఫున రాస్తే పై వాళ్ళు చదివే మనిషి. ప్రేమ ఉంటే చాలనుకుంది పిచ్చిది. చాలదని ఆ రోజు గదిలో గట్టిగా చెప్పాల్సిన పెద్దదాన్ని నేను. ముద్దొచ్చిందని ఊరుకున్నాను.

క్లిఫ్ ఆ చలికాలం దాటలేదు. చర్చిలో హీథర్ చివరి వరసలో కూర్చుంది. ఎవరో వచ్చి, మీరు డాక్టరు కదా అని పలకరిస్తే, అవునంది.

నాలుగేళ్ళు నిండి ఓవెన్ ప్రాసర్ స్పెషలిస్టయ్యాడు. పై స్పెషలిస్టు ఆ ఏడే రిటైరవుతున్నాడు, ఆయన చోట ఇక్కడే ఉండిపొమ్మని ఆసుపత్రివాళ్ళు ఎంతో అడిగారు. అప్పటికి నేను రిటైరయ్యాను, అయినా వీడ్కోలు టీకి పిలిస్తే వెళ్ళాను. హీథర్ కూడా వచ్చింది. అతను మా దగ్గర కూర్చుని, సొంతూరు స్వాన్సీలోని ఆసుపత్రిలో ఉద్యోగం దొరికింది, అమ్మావాళ్ళ వీధి పక్కనే ఇల్లు చూసుకున్నానని చెప్పాడు. అతని మొహం వెలిగిపోతోంది.

"ఊళ్ళ వరసలో మాది ఎన్నోది పెట్టారు ఓవెన్?" అని హీథర్ అడిగింది. నవ్వుతూనే అడిగింది.

అతను సిగ్గుపడ్డాడు. "నిజం చెప్పమంటారా? రెండోది. మొదట పెట్టుకున్న మా వైపు సీటు ఆ ఏడు నా దాకా రాలేదు. ఏదో ఒక చోట నేర్చుకుంటే ఎప్పటికైనా ఇంటికెళ్ళొచ్చు అనుకుని అన్నీ పెట్టేశాను. ఇలాంటి ఊరు దొరుకుతుందని అనుకోలేదు."

"మంచి పని చేశారు" అంది హీథర్. ఆ మాట మనస్ఫూర్తిగానే అంది, నాకు తెలుసు.

ఖాళీ అయిన స్పెషలిస్టు చోటికి ఆసుపత్రి ప్రకటన వేసింది, నేర్పేవాళ్ళు లేక శిక్షణ సీటు మాత్రం ఎత్తేసింది. హీథర్ అది తెచ్చి మా వంటింట్లో పైకి చదివి వినిపించింది. ఆసుపత్రి బర్స్లెమ్‌కి దగ్గర. వారంలో కొన్ని పూటలు పింగాణీ కార్ఖానాలకి వెళ్ళాలి. దుమ్ము జబ్బుల మీద ఆసక్తి ఉంటే మంచిది. స్థానికులతో చనువుగా మెలగాలి.

"అచ్చం నాకోసమే రాసినట్టుంది కదాంటీ" అంది.

ఆ తర్వాతి వాక్యం ఆమె చదవలేదు, నేను తీసుకుని చదివాను. స్పెషలిస్టుగా నమోదై ఉండాలి.

గడువు దాటింది, ఎవరూ దరఖాస్తు పెట్టలేదు. రెండోసారి వేశారు, అప్పుడూ ఎవరూ రాలేదు. ఎవరికి కావాలి చెప్పండి, ఈ మసి పట్టిన ఊళ్ళో ఈ ఉద్యోగం? కావాల్సిన మనిషి లోకంలో ఒక్కతే ఉంది. ఆ ఆసుపత్రికి నడిచి వెళ్ళేంత దూరంలో ఉంటుంది. జ్వరమని వచ్చినవాళ్ళని ఇప్పటికీ, మీరేం పని చేస్తుంటారని అడుగుతుంది. వాళ్ళు చెప్పింది విని, స్పెషలిస్టుకి చూపించమని చీటీ రాస్తుంది, అక్కడ ఎవరూ లేరని తెలిసీ.